పాసోవర్ సెడర్ భోజనానికి గెఫిల్టె ఫిష్: పన్నెండు మందికి కొలతలు, చేప ఎంపిక, రసం గడ్డకట్టడం

సుధ_ఎడిసన్

అందరికీ నమస్కారం. యూదుల పాసోవర్ పండగ మొదటి రాత్రి జరిగే సెడర్ అనే ఆచార భోజనానికి పన్నెండు మందికి గెఫిల్టె ఫిష్, అంటే చేప కైమా ముద్దల్ని రసంలో ఉడికించి చల్లగా తినే వంటకం, చేయాలి. తినేవాళ్ళు అష్కెనాజీ (మధ్య, తూర్పు యూరప్ మూలాల) యూదులు, కోషర్ అనే యూదు ఆహార నియమం గట్టిగా పాటించేవాళ్ళు. వంట వాళ్ళ వంటింట్లో, వాళ్ళ పాసోవర్ గిన్నెల్లోనే. సీసాల్లో అమ్మేది వద్దు, అసలు చేపతోనే కావాలి.

నాకు తెలియాల్సినవి ఇవి. ఏ చేప, ఎంత? రోహు, బొచ్చె వాడొచ్చా? ముద్ద విరగకుండా, రబ్బరులా సాగకుండా ఉండాలంటే ఏం చూసుకోవాలి? చల్లారాక చుట్టూ రసం గడ్డకట్టాలని అంటారు, అది దేనివల్ల జరుగుతుంది? ఎన్ని రోజుల ముందు చేయొచ్చు?

రఘు_చికాగో

సుధ గారూ, ముందు చేప సంగతి. అమెరికాలో పాతకాలం నుంచి వాడుకలో ఉన్నవి మూడు: వైట్‌ఫిష్, పైక్, కార్ప్. మొదటి రెండూ గ్రేట్ లేక్స్ నుంచి, కెనడా సరస్సుల నుంచి వస్తాయి. వైట్‌ఫిష్‌లో కొవ్వు ఎక్కువ, మెత్తన. పైక్ పొడిగా, గట్టిగా ఉంటుంది, ముద్దను పట్టి ఉంచేది అదే. కార్ప్ రుచికీ, రసం గడ్డకట్టడానికీ. ఒక్క వైట్‌ఫిష్‌తోనే చేస్తే ముద్ద మెత్తబడి జారిపోతుంది. ఒక్క పైక్‌తో చేస్తే ఎండిపోయినట్టుంటుంది. రెండు పాళ్ళు వైట్‌ఫిష్, ఒక పాలు పైక్, ఒక పాలు కార్ప్ అనుకోండి.

పన్నెండు మందికి ముళ్ళూ తోలూ పోను 1.4 కిలోల కండ కావాలి. మొత్తం చేపలో కండ సుమారు 40 నుంచి 45 శాతమే తేలుతుంది కాబట్టి 3.3 కిలోల చేప కొనండి. 80 గ్రాముల ముద్దలు 27, 28 వస్తాయి. మనిషికి రెండు చొప్పున పోగా మూడు నాలుగు మిగులుతాయి.

అన్నిటికన్నా ముఖ్యం: దుకాణంలో కండ ఒలిచి కైమా కొట్టించినా సరే, తలలు, వెన్నుముళ్ళు, తోళ్ళు విడిగా మూటకట్టి ఇమ్మనండి. అడగకపోతే పారేస్తారు. అవి లేకపోతే ఈ వంటకం లేదు. పండగ వారంలో రద్దీ ఎక్కువ, వారం ముందే చెప్పి పెట్టుకోండి.

కోషర్ చేపల దుకాణంలోనే కొనండి. చేపకు రెక్కలూ పొలుసులూ రెండూ ఉండాలన్నది లేవీయకాండం 11వ అధ్యాయంలోని నియమం. పొలుసు తోలు చిరగకుండా ఊడిరావాలి. తోలు మొత్తం ఒలిచేసిన కండ ముక్క ఏ చేపదో గుర్తుపట్టడం కష్టం. అందుకే చేపను మొత్తంగా చూసి కొనడమో, పర్యవేక్షణ ఉన్న చోట కొనడమో చేస్తారు.

కొల్లేటి_చేప

రోహు, బొచ్చె గురించి అడిగారు కదండీ. రెండూ కార్ప్ కుటుంబానివే. రెక్కలు, పెద్ద పొలుసులు ఉంటాయి, కోషర్ లెక్కకు సరిపోతాయి. భీమవరం, ఆకివీడు, కైకలూరు చెరువుల్లో పెంచే వాటిలో గడ్డిచేప, బంగారుతీగ కూడా ఈ కుటుంబమే. ఆ బంగారుతీగే యూరప్ యూదులు తరతరాలుగా వాడిన అసలు కార్ప్. మన వాలుగ, జెల్ల మాత్రం పొలుసు లేనివి, వాటి జోలికి పోకూడదు.

అయితే రెండు చిక్కులున్నాయి. మొదటిది ముల్లు. ఈ కుటుంబంలో కండ లోపల వై ఆకారంలో సన్న ముళ్ళు ఉంటాయి, కత్తితో తీయడానికి లొంగవు. అందుకని తోలు కిందకి పెట్టి, తోక వైపు నుంచి తల వైపుకి స్టీలు చెంచాతో కండను గీకి తీయండి. పెద్ద ముళ్ళు తోలుకే అంటుకుని ఉండిపోతాయి. మిగిలిన సన్నవి కైమా మరలో 3 మిల్లీమీటర్ల చిల్లుల పళ్ళెంలోంచి రెండుసార్లు పోనిస్తే నలిగిపోతాయి. వేళ్ళతో తడిమి చూడటం మానకండి.

రెండోది మట్టి వాసన. చెరువు నాచులో, సూక్ష్మజీవుల్లో పుట్టే జియోస్మిన్ అనే పదార్థం వల్ల అది వస్తుంది. చేప కొవ్వులో, తోలు కింద ముదురు రంగు కండలో అది ఎక్కువ నిలుస్తుంది. పక్క గీత పొడవునా ఉండే ఆ ఎర్రటి కండను కోసి తీసేయండి. మిగిలిన కండను నిమ్మరసం కలిపిన చల్లటి నీళ్ళలో పది నిమిషాలు ఉంచి, కడిగి, బాగా తుడవండి. పులుపుకి జియోస్మిన్ విరుగుతుంది. అలవాటు కొద్దీ పసుపు పట్టించకండి, ముద్ద పచ్చబడుతుంది. పూర్వం తూర్పు యూరప్‌లోనూ, న్యూయార్క్ ఇళ్ళలోనూ బతికున్న కార్ప్‌ను స్నానాల తొట్టిలో మంచినీళ్ళు పోసి కొన్ని రోజులు ఉంచేవారు. తాజాగా ఉంటుందనీ, మట్టి వాసన తగ్గుతుందనీ.

గడ్డకట్టించిన రోహు ముక్కలు మాత్రం వద్దు. కరిగేటప్పుడు నీరు వదిలేసి, కైమాకి జిగురు పట్టదు.

విమల_హైఫా

ఇజ్రాయెల్‌లో దాదాపు అంతా కార్ప్‌తోనే చేస్తారు. అది కిబుట్జ్ అనే సామూహిక వ్యవసాయ గ్రామాల చెరువుల్లో పెరిగే చేప, అన్ని చోట్లా దొరుకుతుంది. ఒక్క కార్ప్‌తో చేస్తే రంగు కొంచెం బూడిదగా వస్తుంది, రసం మాత్రం బ్రహ్మాండంగా గడ్డకడుతుంది.

రఘు గారు చెప్పిన 1.4 కిలోల కండకు నా కొలతలు:

ఉల్లిపాయలు 350 గ్రాములు, క్యారెట్ ఒకటి (100 గ్రాములు), కోడిగుడ్లు 4, మట్జా (పాసోవర్‌లో తినే పులియని రొట్టె) పొడి 65 గ్రాములు, ఐసు నీళ్ళు 120 మిల్లీలీటర్లు, ఉప్పు 24 గ్రాములు, మిరియాల పొడి ఒక టీస్పూను నిండుగా, పంచదార మీ ఇష్టాన్ని బట్టి (దాని మీద కింద ఎలాగూ వాదన వస్తుంది). ఉప్పు తూకం వేసే తీసుకోండి. అమెరికాలో కోషర్ ఉప్పు అని అమ్మే గరుకు ఉప్పు, మామూలు సన్న ఉప్పు చెంచాలో ఒకే బరువు తూగవు, దాదాపు రెట్టింపు తేడా వస్తుంది.

రసానికి: తలలు, ముళ్ళు, తోళ్ళు అన్నీ, ఉల్లిపాయలు రెండు, క్యారెట్లు నాలుగు, మిరియాలు పన్నెండు, నీళ్ళు మూడున్నర లీటర్లు, ఉప్పు 20 గ్రాములు. ఎర్రటి ఉల్లిపొట్టు కాదు, బంగారు రంగు పొట్టు ఉన్న ఉల్లి తీసుకుని పొట్టుతోనే వేయండి. రసానికి ఆ తేనె రంగు దాన్నుంచే వస్తుంది.

తలల్లోంచి మొప్పలు పూర్తిగా లాగి తీయండి. చేదు, మురికి, నీచు వాసన మూడూ అక్కడే ఉంటాయి. వెన్నుముల్లు వెంట గడ్డకట్టిన నెత్తురుని బొటనవేలితో రుద్ది, చల్లటి నీళ్ళ ధార కింద కడగండి. కాలేయం, చేదు తిత్తి అంటిన ముక్క ఏదీ రసంలోకి పోకూడదు. చల్లటి నీళ్ళతో మొదలుపెట్టి, పైకి తేలే తెట్టంతా తీసి, ఆ తర్వాతే ఉల్లి, క్యారెట్, మిరియాలు వేయండి. సన్నటి సెగ మీద 50 నిమిషాలు. తర్వాత వడగట్టి, క్యారెట్లు మాత్రం తిరిగి రసంలో వేసుకోండి. పైన అలంకరణకి అవే బిళ్ళలుగా కోస్తాం.

ముద్ద కలపడం: ఉల్లి, క్యారెట్ కైమా చేసి, పిడికిట పిండి నీరు తీసేయండి. చేప కైమాలో ముందు ఉప్పు ఒక్కటే వేసి రెండు మూడు నిమిషాలు చేత్తో ఒకే వైపుకి కలపండి. ఉప్పు తగిలాక చేపలోని మాంసకృత్తులు బయటికి వచ్చి జిగురు పడతాయి. ముద్దను పట్టి ఉంచేది ముఖ్యంగా అదే, గుడ్డూ మట్జా పొడీ దానికి సాయం. ఆ తర్వాత గుడ్లు ఒక్కొక్కటిగా, ఆపైన ఉల్లి, క్యారెట్, మిరియాల పొడి, పంచదార, మట్జా పొడి, చివర్లో ఐసు నీళ్ళు కొంచెం కొంచెంగా. బాగా కలిసిన ముద్ద గారెల పిండిలా తడిచేతికి అంటకుండా గుండ్రంగా తిరగాలి. మూతపెట్టి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. మట్జా పొడి నీరు తాగడానికి ఆ సమయం కావాలి.

రసాన్ని మరిగే స్థితికి తెచ్చి, సెగ తగ్గించి, చేతులు తడుపుకుంటూ కోలగా ముద్దలు చేసి వదలండి. మూత ఓరగా పెట్టి గంటంబావు. బుడగ అప్పుడొకటి అప్పుడొకటి రావాలి, అంతే. ముద్దలు మూడో వంతు దాకా పొంగుతాయి కనుక వెడల్పాటి పది లీటర్ల గిన్నె తీసుకోండి, లేదా రెండు గిన్నెలు. మధ్యలో గరిటె పెట్టి కలపకూడదు. గిన్నెను చెవులు పట్టుకుని కొద్దిగా ఊపండి, చాలు.

షెఫ్_నాని

విమల గారూ, 50 నిమిషాల రసం, దానిపైన గంటంబావు ఉడకడం చాలా ఎక్కువ అనిపిస్తోంది. హోటల్ వంటలో చేప ఎముకల రసాన్ని 25, 30 నిమిషాలకే దించేస్తాం. ఆ పైన చేదెక్కి, సుద్దలా మసకబారుతుంది. చేప కండ కూడా లోపల 63 డిగ్రీలకు చేరితే ఉడికినట్టే. 80 గ్రాముల ముద్దకి ఇరవై నిమిషాలు చాలు.

విమల_హైఫా

నాని గారూ, మీరు చెప్పేది సముద్రపు చదునుచేపల ఎముకలతో, సాస్‌లకు వాడే రసం విషయంలో సరైనదే. ఇక్కడ కావాల్సింది వేరు. కార్ప్ తలలో, తోలులో ఉన్న కొల్లాజెన్ కరిగి జెలటిన్ అవ్వాలి, దానికి సమయం కావాలి. చేదు వచ్చేది ఎక్కువగా మొప్పలవల్ల, నెత్తురువల్ల, తెట్టు తీయకపోవడంవల్ల, మసక వచ్చేది కుతకుత మరిగించడంవల్ల. ఆ నాలుగూ సరిచూసుకుంటే గంట దాటినా రసం తేటగానే ఉంటుంది.

ముద్ద సంగతికొస్తే, ఇరవై నిమిషాలకి ఉడుకుతుంది, నిజమే. కానీ లోపలి ఉల్లి పచ్చిగా పలుకుతుంది, రసం రుచి లోపలికి ఎక్కదు. ఈ కైమాలో నీరు, గుడ్డు, మట్జా పొడి ఉన్నాయి కాబట్టి ఎక్కువసేపు సన్నసెగ మీద ఉంచినా చేప ముక్కలా ఎండిపోదు. ఎండేది సెగ పెంచినప్పుడే.

షెఫ్_నాని

సరే, ఉల్లి పచ్చిదనం మాట ఒప్పుకుంటాను. అలాంటప్పుడు సగం ఉల్లిని నూనెలో రంగు మారకుండా మగ్గించి, చల్లార్చి కలిపితే 45 నిమిషాలకే ముద్ద తయారవుతుంది. తీపిదనం కూడా వస్తుంది. సమయం తక్కువున్నవాళ్ళు అలా చేయొచ్చు. గుర్తుంచుకోండి, వేడి ఉల్లి కైమాలో పడకూడదు. కైమా పది డిగ్రీలు దాటి వెచ్చబడితే జిగురు చెడుతుంది. గిన్నెను ఐసు మీద పెట్టి కలపండి.

ఫుడ్ ప్రాసెసర్ వాడేవాళ్ళకు ఒక మాట. బటన్ నొక్కి వదిలేస్తే అర నిమిషంలో పేస్టు అయిపోతుంది, అది ఉడికాక రబ్బరు. ముక్కలు గంటసేపు చల్లబరిచి, తక్కువ మోతాదుల్లో, ఒక్కో సెకను చొప్పున ఎనిమిది పదిసార్లు మాత్రమే తిప్పండి. కైమాలో గింజ కనిపించాలి. పూర్వం కొయ్య గిన్నెలో అర్ధచంద్రపు కత్తితో కొట్టేవారు. ఆ పలుకు మరకు రాదు, ఓపిక ఉన్నవాళ్ళు చివరి పది నిమిషాలైనా కత్తితో కొట్టండి.

శర్వాణి_బ్రూక్లిన్

పంచదార వాదన నేనే మొదలుపెడతాను. ఇది నోటి రుచి మాత్రమే కాదు, ఊరి గుర్తు. పోలండ్, గలీషియా (ఇప్పటి దక్షిణ పోలండ్, పశ్చిమ ఉక్రెయిన్) వైపు కుటుంబాలు తియ్యగా చేస్తాయి. లిథువేనియా, బెలారస్ వైపు వాళ్ళు మిరియాల ఘాటుతో చేస్తారు. 1960ల్లో యిడ్డిష్ (అష్కెనాజీ యూదుల భాష) మాండలికాల మీద పనిచేసిన భాషావేత్త మార్విన్ హెర్జోగ్ ఉత్తర పోలండ్ పటం మీద గీసిన మాండలికపు సరిహద్దు, ఈ తీపి-కారం సరిహద్దు దాదాపు ఒకే చోట పడ్డాయి. వార్సా తీపి వైపు, విల్నా (ఇప్పటి విల్నియస్) మిరియాల వైపు. 19వ శతాబ్దంలో పోలండ్‌లో బీట్ పంచదార మిల్లులు పెరగడం తీపి వైపు వాళ్ళకి కలిసొచ్చింది.

కాబట్టి సుధ గారూ, ఆ ఇంటి పెద్దల్ని ముందే అడగండి. లిథువేనియా పద్ధతికి ఒక టీస్పూను పంచదార, రెండు టీస్పూన్ల మిరియాల పొడి. గలీషియా పద్ధతికి ముద్దలో 45 గ్రాముల పంచదార, రసంలో మరో రెండు టేబుల్‌స్పూన్లు, మిరియాల పొడి అర టీస్పూను. నన్నడిగితే మిరియాల వైపే. తీపి ఎక్కువైతే చేప రుచి అణిగిపోతుంది, పక్కన హార్స్‌రాడిష్ అనే వేరు ఘాటు ఉన్నా లేనట్టే ఉంటుంది.

లక్ష్మి_క్లీవ్‌లాండ్

పాసోవర్ నియమాలు ఇంకా ఎవరూ రాయలేదు. మనవాళ్ళు పొరబడేది ఇక్కడే.

ముద్ద లూజుగా ఉందని చేతికందిన పిండి వేయకూడదు. గోధుమ పిండి, రవ్వ, బ్రెడ్ పొడి పూర్తిగా నిషిద్ధం. బియ్యప్పిండి, శనగపిండి, కార్న్‌ఫ్లోర్ కూడా అష్కెనాజీలు పాసోవర్‌లో వాడరు. వరి, మొక్కజొన్న, పప్పుదినుసులు, ఆవాలు కిట్నియోత్ అనే, వాళ్ళు పాసోవర్‌లో మానేసే గింజల జాబితా కింద వస్తాయి. ఇంగువ అసలే వద్దు, డబ్బాల్లో వచ్చే దాంట్లో తరచుగా గోధుమ పిండి కలిసి ఉంటుంది. వెనిగర్ ధాన్యంతో చేసింది కాకుండా, పాసోవర్ ముద్ర ఉన్న ద్రాక్ష లేదా యాపిల్ వెనిగర్. మట్జా పొడి, పంచదార, నూనె, మిరియాల పొడి అన్నిటికీ ఆ ముద్ర చూడాలి. ఏడాదంతా అమ్మే మట్జా డబ్బాల్లో పాసోవర్‌కు పనికిరానివి కూడా ఉంటాయి, పెట్టె మీద చదవండి.

ఇంకో ప్రశ్న తప్పక అడగాలి: తడిసిన మట్జా తింటారా? చాలా హసిడిక్ (సంప్రదాయాన్ని గట్టిగా పాటించే ఒక యూదు శాఖ) కుటుంబాలు పాసోవర్‌లో మట్జాను నీటితో కలపనివ్వవు. అలాంటి ఇంటికి మట్జా పొడి బదులు 40 గ్రాముల బంగాళదుంప పిండి, లేదా 80 గ్రాముల బాదం పొడి. బంగాళదుంప పిండి అంతకు మించితే ముద్ద జిగటగా సాగుతుంది. బాదం అయితే రుచి కూడా బాగుంటుంది, కాకపోతే గింజలు పడనివాళ్ళు ఉన్నారేమో కనుక్కోండి.

రసంలో కోడి ఎముకలు, చికెన్ క్యూబ్ వేయకండి. చేపనీ మాంసాన్నీ కలిపి వండటం, కలిపి తినడం యూదు ధర్మశాస్త్రం ప్రకారం కూడదు. బల్ల మీద కూడా చేప పళ్ళేలు, ఫోర్కులు తీసేశాకే కోడి, మాంసం వస్తాయి. రసం గడ్డకట్టలేదని బజారు జెలటిన్ కలపాలనే ఆలోచన కూడా మానుకోండి. మామూలు జెలటిన్ పందిదో గొడ్డుదో అయి ఉంటుంది.

పద్మజ_లండన్

ఇంగ్లండ్‌లో ఇదే కైమాని ఉడికించకుండా నూనెలో వేయిస్తారు. స్పెయిన్, పోర్చుగల్ నుంచి వచ్చిన యూదులు తెచ్చిన వేపుడు చేప అలవాటు, తూర్పు యూరప్ నుంచి వచ్చిన ఈ కైమాతో కలిసింది. సముద్రపు చేపలే, హాడక్, కాడ్, హేక్. కండ ఒక కిలోకి 80 గ్రాముల మట్జా పొడి, గుడ్లు రెండు, ఉల్లి 200 గ్రాములు, పంచదార రెండు టేబుల్‌స్పూన్లు. పైన మట్జా పొడి అద్ది, 170 డిగ్రీల నూనెలో ఆరేడు నిమిషాలు వేయించాలి. నూనె వేడి తక్కువైతే నూనె తాగుతాయి, 180 దాటితే పైన మాడి లోపల పచ్చి. వేడిగా కాదు, పూర్తిగా చల్లారాకే తింటారు, మర్నాడు ఇంకా బాగుంటాయి. పిల్లలకి రసంలో ఉడికినవి నచ్చకపోతే పది ముద్దలు ఇలా చేసి పెట్టండి.

సుధ_ఎడిసన్

అందరికీ ధన్యవాదాలు. ఇంటివాళ్ళని అడిగాను. మిరియాల పద్ధతి, మట్జా పొడి వాడొచ్చు. ఇప్పుడు ముద్ద కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను. వైట్‌ఫిష్ దొరికింది, పైక్ తక్కువ దొరికింది, అందుకని 900 గ్రాముల వైట్‌ఫిష్, 200 పైక్, 300 కార్ప్. మిగతా అన్నీ విమల గారి కొలతలే. గంట తర్వాత కూడా ముద్ద చేతిలో నిలవకుండా పరుచుకుంటోంది. రసం తయారుగా ఉంది. ఏం చేయాలి? ఇంకో రెండు గుడ్లు వేయనా?

విమల_హైఫా

గుడ్డు వద్దమ్మా, ఇంకా పల్చనవుతుంది. వైట్‌ఫిష్ పాలు పెరిగింది, అందుకే ఇలా. ముందు చేత్తో ఒకే వైపుకి ఐదు నిమిషాలు గట్టిగా కలపండి, గిన్నె అంచుకేసి రెండు మూడుసార్లు కొట్టండి. జిగురు పడితే గరిటెకి పట్టుకుని వేలాడుతుంది. అప్పటికీ పరుచుకుంటే మట్జా పొడి ఒక టేబుల్‌స్పూను వేసి ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి చూడండి. వెంటనే చూసి చాలలేదని ఇంకో రెండు స్పూన్లు వేస్తే తెల్లారేసరికి రాయి. అదనంగా మూడు స్పూన్లకు మించి పోవద్దు. ముద్ద కొంచెం మెత్తగా ఉంటేనే నోట్లో బాగుంటుంది.

తర్వాత ఒక చెంచాడు ముద్దని మరిగే రసంలో వేసి పది నిమిషాలకి తీసి చూడండి. విరగకుండా ఉంటే మిగతావి వేయొచ్చు. ఉప్పు, మిరియాలు కూడా ఆ ముక్కతోనే చూసుకోండి. చల్లగా తినే వంటకం కాబట్టి వేడిమీద ఉప్పు ఒక పిసరు ఎక్కువనిపించాలి, చల్లారితే తగ్గినట్టుంటుంది.

డాక్టర్_అనురాధ

విమల గారు చెప్పిన పరీక్ష ముక్కకి ఇంకో కారణం కూడా ఉంది. పచ్చి కైమాని వేలితో నాకి ఉప్పు చూడకండి. మంచినీటి పైక్ లాంటి చేపల్లో డైఫిల్లోబోత్రియం అనే బద్దెపురుగు పిల్లదశలో ఉండొచ్చు. గెఫిల్టె ఫిష్ కలుపుతూ పచ్చి ముద్ద రుచి చూసే ఆడవాళ్ళలో ఈ పురుగు కనిపించడం వైద్య పుస్తకాల్లోకి ఎక్కిన విషయం. పేగులో అది మీటర్ల కొద్దీ పెరుగుతుంది, బి12 విటమిన్‌ని లాగేసుకుంటుంది. పూర్తిగా ఉడికిన చేపతో ఆ భయం లేదు. కైమా కలిపిన చేతులు, చెక్క, మర సబ్బుతో కడిగాకే మట్జా, ఆకుకూరలు ముట్టుకోండి.

రఘు_చికాగో

ఇక హార్స్‌రాడిష్. అది లేకుండా చేప బల్ల మీదకి రాదు. బీట్‌రూట్‌తో చేసే ఎర్రటి పచ్చడిని ఖ్రైన్ అంటారు. పావుకిలో లోపు, అంటే 200 గ్రాముల వేరు చెక్కు తీసి ముక్కలు చేసుకోండి. బీట్‌రూట్లు 300 గ్రాములు తొక్కతోనే ఉడికించి, చల్లార్చి, తురమండి. వేరు తురిమినప్పుడే ఘాటు పుడుతుంది. కణాలు చితికి, లోపలి ఎంజైమ్ తగిలి ఆవాల జాతి ఘాటు తయారవుతుంది. వెనిగర్ పడగానే ఆ పని ఆగిపోతుంది. వెంటనే పోస్తే మెత్తటి ఘాటు, మూడు నిమిషాలు ఆగి పోస్తే ముక్కు అదిరే ఘాటు. వెనిగర్ 80 మిల్లీలీటర్లు, ఉప్పు ఒక టీస్పూను, పంచదార ఒక టేబుల్‌స్పూను. కిటికీ తీసి పెట్టుకోండి, మిక్సీ మూత తీసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోండి. మూత బిగించిన సీసాలో వారం రోజులు బాగుంటుంది, ఆ తర్వాత ఘాటు పోతుంది.

ఆ ఇంట్లో సెడర్ పళ్ళెంలో చేదుకూరకి హార్స్‌రాడిష్ వాడితే కొంత వేరుని బీట్‌రూట్, వెనిగర్ కలపకుండా విడిగా ఉంచండి. మరోర్‌గా, అంటే ఆ చేదుకూరగా, తినడానికి అది ఉత్త వేరే కావాలి.

గుంటూరు_కారం

ఒక అనుమానం. అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపితే తప్పా? చెప్పిన కొలతలు చదువుతుంటే చప్పగా ఉంటుందనిపిస్తోంది.

శర్వాణి_బ్రూక్లిన్

తప్పు కాదు కానీ, అన్నా, సెడర్ రాత్రి వద్దు. ఆ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు చిన్నప్పటి నుంచి ఎదురుచూసే రుచి అది. ఉల్లి, మిరియం, చేప రసం, పక్కన ఖ్రైన్, ఈ నాలుగే. ఖ్రైన్‌తో కలిపి తింటే చప్పదనం ఉండదు, ఘాటు అక్కడుంది. కారం కావాలంటే వేరే రోజు మెక్సికో యూదుల పద్ధతి చేయండి. ఇవే ముద్దల్ని టమాటా, ఆలివ్ కాయలు, కేపర్లు, మిరపకాయలతో చేసిన వెరాక్రూజ్ సాస్‌లో వేసి వేడిగా తింటారు. టమాటా సాస్ ముందు పూర్తిగా ఉడికించి, ముద్దల్ని అరగంట సన్నసెగ మీద ఉంచాలి. మన నాలుకకి అది దగ్గర.

కొల్లేటి_చేప

అమెరికాలో గడ్డిచేప, వెండిచేప చవగ్గా దొరుకుతాయి, వాటి గురించి ఇద్దరు నాకు విడిగా రాశారు. వాడొచ్చు. ఇల్లినాయ్ నదుల్లో అవి విపరీతంగా పెరిగి అక్కడి చేపలకే ముప్పుగా మారాయి. 2010 పాసోవర్ ముందు అక్కడి నుంచి ఇజ్రాయెల్‌కు పంపిన కార్ప్ సుంకం గొడవలో చిక్కుకుంటే, విషయం అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ దాకా వెళ్ళింది. వెండిచేప కండ తెల్లగానే ఉంటుంది, ముల్లు మాత్రం రోహు కన్నా ఎక్కువ. మరలో మూడుసార్లు పోనివ్వండి.

సుధ_ఎడిసన్

కలపడం, ఒక్క స్పూను మట్జా పొడి, ఇరవై నిమిషాల ఆగడం, వీటితో ముద్దలు నిలిచాయి. ఉడకడం అయింది. రెండు గంటలు చల్లార్చి చూస్తే రసం ఇంకా నీళ్ళలాగే ఉంది. రేపు సాయంత్రం సెడర్. ఆ రసాన్ని మరిగించాలా, ఇలాగే వదలాలా?

విమల_హైఫా

గది వేడిలో గడ్డకట్టదు, కంగారు పడకండి. ముందు ఒక గరిటెడు రసాన్ని చిన్న పళ్ళెంలో పోసి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. వణికే పొరలా పట్టుకుంటే అలాగే ఉంచొచ్చు. పట్టుకోకపోతే ముద్దల్ని చిల్లుల గరిటెతో జాగ్రత్తగా వెడల్పాటి పళ్ళెంలోకి తీసి, రసాన్ని మాత్రం మూత లేకుండా మరిగించి మూడో వంతు తగ్గించండి, మళ్ళీ పళ్ళెం పరీక్ష చేయండి. ముద్దలు లోపల ఉండగా మరిగించకండి, అంచులు చిరిగి రసమంతా మసకబారుతుంది. రసం తగ్గితే ఉప్పు చిక్కబడుతుంది, అందుకే మొదట్లో 20 గ్రాములకు మించి వేయొద్దన్నది. ఇప్పుడు ఎక్కువైతే కొద్దిగా నిమ్మరసం, చిటికెడు పంచదార.

చిక్కబడ్డ రసాన్ని పల్చటి గుడ్డలో వడగట్టి ముద్దల మీద సగం ఎత్తు దాకా పోయండి. ఒక్కో ముద్ద మీద ఉడికిన క్యారెట్ బిళ్ళ పెట్టండి. ప్లాస్టిక్ రేకు పైన తగిలేలా కప్పి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. రసం తాకని ముద్ద పైన ఎండి పెళుసవుతుంది. ఇలా మూడు రోజులు నిలవ ఉంటుంది. ఉడికినవి ఫ్రీజర్‌లో పెడితే నీరు వదిలి స్పాంజీలా తయారవుతాయి. ముందే చేసి దాచుకోవాలంటే పచ్చి ముద్దనే గడ్డకట్టించుకోవాలి.

లక్ష్మి_క్లీవ్‌లాండ్

వడ్డన గురించి చివరగా. చాలా అష్కెనాజీ ఇళ్ళలో ఉప్పునీటిలో ఉడికిన గుడ్డు, ఆ తర్వాత ఈ చేప, తర్వాత మట్జా ఉండల సూపు, ఆపైన మాంసం. చేపని ఫ్రిజ్‌లోంచి వడ్డనకు ఇరవై నిమిషాల ముందు తీయండి. మరీ చల్లగా ఉంటే రుచి తెలియదు, ఎక్కువసేపు బయట ఉంటే రసం కరిగి పళ్ళెమంతా పారుతుంది. లెట్యూస్ ఆకు మీద రెండు ముద్దలు, చెంచాడు గడ్డకట్టిన రసం, పక్కన ఖ్రైన్ ఒక టీస్పూను. ఆకుని పురుగులు లేకుండా ఒక్కొక్కటిగా వెలుతురులో చూసి కడగాలి, అదీ కోషర్ నియమమే.

ఇదే వంటకం సబ్బాత్‌కి, అంటే యూదుల వారపు విశ్రాంతి రోజుకి, చేసేటప్పుడు శుక్రవారం సూర్యాస్తమయం లోపే అంతా అయిపోవాలి. సబ్బాత్ రోజు ముల్లుని కండ నుంచి ఏరివేయడం నిషేధించిన పనుల్లో ఒకటిగా లెక్కిస్తారు. ముల్లు ముందే పోయిన ఈ ముద్ద ఆ బల్ల మీద స్థిరపడటానికి అదొక కారణం. యూదుల కొత్త సంవత్సరం రోష్ హషనాకైతే కొందరు ఘాటు, పులుపు వద్దంటారు. అప్పుడు ఖ్రైన్ తగ్గించి, రసంలో పంచదార పెంచి, ఉడికిన చేప తల ఒకటి పెద్దాయన ముందు పెడతారు. మనం తలగా ఉండాలి గానీ తోకగా కాదు అని ప్రార్థన. అందుకని ఆ పండక్కి రసంలో వేసే తలల్లో ఒకదాన్ని చిదమకుండా, పదిహేను నిమిషాలకే బయటికి తీసి దాచుకోండి.

సుధ_ఎడిసన్

పళ్ళెం పరీక్షలో పట్టుకోలేదు. ముద్దలు తీసి రసం మరిగిస్తున్నాను. మూడున్నర లీటర్లలో ఇప్పుడు రెండుంబావు దాకా వచ్చింది.

విమల_హైఫా

అక్కడ ఆపి మళ్ళీ చూడండి. రెండు లీటర్లకి దిగనివ్వకండి, ఉప్పగా అయిపోతుంది.